ఢిల్లీకి ఎన్ని పూటల దూరం

మా వియ్యపురాలు కాలం చేసిందన్న కబురు హనుమకొండ నుంచి వచ్చేసరికి మా ఇంట్లో ఇంకా పొయ్యి రాజేయలేదు. జట్కా కట్టించుకొని వెళ్లాను. వాకిట్లో మగవాళ్లు గుంపుగా నిలబడి ఒకే సంగతి మీద తర్జనభర్జన పడుతున్నారు. ఆమె పెద్ద కొడుకు, అంటే మా అల్లుడు, ఢిల్లీలో ఉన్నాడు. తంతి ఇచ్చారు. అతను వచ్చేదాకా ఆపాలా, వద్దా? ఆపితే ఎంతసేపు? నన్ను చూడగానే మా వియ్యంకుడు అందరినీ పక్కకు జరగమన్నాడు.

"చెల్లే, నువ్వు చెప్పు. వాడు ఎప్పటి వరకు వస్తడు?"

తంతి చేరే వేళ, మర్నాటి విమానం వేళ, హైదరాబాదులో దిగి మోటారు దొరికించుకొని వరంగల్లు దారి పట్టే వేళ, అన్నీ మనసులో వేసుకొని చెప్పాను. రేపు పొద్దుగూకకముందే వస్తారు, ఐసు గడ్డలు తెప్పించి ఆపండి అన్నాను. ఆపారు. మర్నాడు ఎండ ఇంకా గోడల మీద ఉండగానే నా బిడ్డా, అల్లుడూ, పిల్లలూ గుమ్మంలో దిగారు. తల్లికి కొడుకు చేతి నిప్పు దక్కింది.

చుట్టాలు నా లెక్కను మెచ్చుకున్నారు. మా నాన్నగారు బడిపంతులు. కూడికలూ తీసివేతలూ, భూగోళం పటం చూడడం నాకు ఇంట్లోనే నేర్పారు. మా ఇంటాయన పోయినప్పటి నుంచి ధాన్యం కొట్టు పద్దులు నేనే చూస్తున్నాను. కనుక లెక్క తప్పకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. అయితే ఢిల్లీకీ మాకూ మధ్య ఉన్న దూరంలో ఒక్క రాత్రి తగ్గితే దాని విలువ ఎంతో నాకు తెలిసింది మాత్రం ఈ వియ్యపురాలి వల్లనే. ఆ సంగతి నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆమెకు మైళ్లు పట్టేవి కావు. కొత్తవాడలో వాళ్ల జంపఖానాల కొట్టుంది. సరుకు మద్రాసుకూ నాగపురానికీ పోయేది. ఏ ఊరి పేరు విన్నా ఆమె అడిగేది ఒకటే, "ఎన్ని పూటలు?" అని. దారిలో ఎన్ని పూటలు తినాలో అంత దూరం అన్నమాట. ధర్మసాగరం పేలాల దూరం. కొంగున పిడికెడు కట్టుకుంటే చాలు, అవి అయ్యేలోపు ఊరొస్తుంది. తొర్రూరు ఒక పూట. మద్రాసు రెండు పూటలు. ఢిల్లీ అయిదు పూటలు, మొదటి పూటకు పెరుగన్నం, రెండో పూటకు పులిహోర, ఆ తర్వాత జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. నేను ఒకసారి పటం తీసి, రైలు దారి వంకరలు తిరిగి తొమ్మిది వందల మైళ్లకు పైనే అవుతుందని చూపించబోయాను.

"మైళ్లు ఇంజనుకు గావాలె వదినె. నేనేమన్న ఇంజన్నా? నాకు పూటలు చెప్పు, మూట గట్టుకుంట" అంది.

మా మధ్య ఇలాంటివి పెళ్లినాటి నుంచే ఉన్నాయి. నా బిడ్డ పెళ్లిలో మగపెళ్లివారి పంక్తి లేచాక ఆమె నేరుగా వంటల పందిట్లోకి వచ్చి, నలుగురూ వినేటట్టు అంది, "ఏం వదినె, పప్పుల ఉప్పు గూడ పద్దు రాసి ఏసిండ్రా? జర తక్కువైంది."

"పద్దు సరిగ్గనే ఉంది వదినె. మీ నాలుకకే ఎక్కువ అలవాటున్నట్టుంది" అన్నాను.

ఆడవాళ్లంతా బిగుసుకుపోయారు. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి పకపకా నవ్వింది. "అబ్బో, నోరున్న మనిషే! ఇగ మనకు పొద్దు పోతది" అంది. అప్పటి నుంచి ఆమె చేతిలో ఒక ఆయుధం ఉండేది. మేం మగపెళ్లివాళ్లం, అన్నిట్లో ముందు మేమే. జట్కా ఎక్కాలన్నా, జాతరలో గుడి మెట్లు ఎక్కాలన్నా, నా భుజం పక్కకు తోసి, "జరుగు వదినె, మగపెళ్లివాళ్లు వస్తాన్నరు" అని ముందు తనే ఎక్కేది. కూర్చున్నాక చెయ్యి అందించి నన్ను లాగేది. ఆ చెయ్యి ఒక్కనాడూ అందకుండా పోలేదు.

యుద్ధం అయిపోయిన మరుసటేడు చలికాలం. నా బిడ్డకు రెండో కాన్పు. మొదటిది మా ఇంట్లోనే జరిగింది. రెండోదానికి ప్రయాణం వద్దని లేడీ డాక్టరు చెప్పడం వల్ల ఢిల్లీలో సర్కారు క్వార్టర్సులోనే పురుడు పోసుకుంది. ఆడపిల్ల పుట్టిందని మొదటి తంతి. చక్కెర పంచాము. మూడో నాటి పొద్దున ఇంకో తంతి. బాలింతకు జ్వరం తలకెక్కింది, మనిషిని గుర్తుపట్టడం లేదు, వెంటనే ఎవరైనా రావాలి.

నేను కాగితం పట్టుకొని హనుమకొండ పోయేసరికి అక్కడ కూడా అదే తంతి అందింది. వియ్యంకుడు కోటు వేసుకొని తయారుగా ఉన్నాడు. ఆయనకు హైదరాబాదులో ఒక సేటు పరిచయం. బట్టల మిల్లు టెలిఫోను మీద ఆ సేటుతో మాట్లాడి వచ్చాడు. అప్పట్లో ఢిల్లీకి విమానం కొత్తగా వేశారు, అదీ రోజూ లేదు. దైవికంగా మర్నాటి పొద్దున ఉంది. అందులో ఒక్కటే జాగా ఉంది.

అక్కడే కూర్చొని నేను లెక్క వేశాను. రైలయితే ఇవాళ సాయంత్రం కాజీపేటలో ఎక్కాలి. ఒక రాత్రి, ఒక పగలు, మళ్లీ ఒక రాత్రి. ఎల్లుండి పొద్దున ఢిల్లీ. విమానమయితే ముందు ఢిల్లీకి ఎదురుదిక్కున హైదరాబాదు పోవాలి. రాత్రి అక్కడ పడుకోవాలి. రేపు పొద్దున లేస్తే సుమారు ఎనిమిది వందల మైళ్లు నేరుగా ఎగిరి, నాగపురంలో, భోపాలులో దిగి, మధ్యాహ్నం దాటాక చేరుతుంది.

"ఢిల్లీకి పోవాలంటే ఉల్టా హైదరాబాద్ పోవుడా?" అంది వియ్యపురాలు. ఆ మాటలో ఎగతాళి లేదు. "ఎన్ని పూటలు మిగులుతయ్ వదినె? సక్కగ చెప్పు."

"ఒక్క రాత్రి" అన్నాను. "ఎంత ఎగిరినా మిగిలేది ఒక్క రాత్రే."

"ఆ రాత్రి దాని పక్కన ఎవలన్న ఉంటే..." అంది.

ఆ ఒక్క జాగా ఎవరిదో అక్కడ ఎవరికీ అనుమానం లేదు. ఇల్లు ఆమె కొడుకుది, పుట్టింది వాళ్ల ఇంటి పిల్ల. ఆమె ముత్తయిదువ. మా ఆచారాలు తెలిసినవారికి నేను చెప్పనక్కరలేదు. వియ్యంకుడు ఆమె ట్రంకు పెట్టె కిందికి దింపుతున్నాడు కూడా. నేను సాయంత్రం రైలు ఎక్కుతాననుకొని, వేడి బట్టలు ఏమున్నాయా అని ఆలోచిస్తున్నాను. పైకి నేను మామూలుగానే ఉన్నాను. నా బిడ్డ నన్ను చూడకుండానే పోతుందేమోనన్న మాట మాత్రం నా పళ్ల మధ్య రాయిలా పడి ఉంది.

వియ్యపురాలు పెట్టె మీద చెయ్యి వేసి ఆపింది. "నాది గాదు. వదినె పోతది" అంది.

వాళ్లింట్లో ఒక పెద్ద మేనత్త ఉండేది. ఆవిడ మూలనుంచి అంది, "పురుడైన ఇంటికి ముందుగాల ఆమె పోవుడేందే? బొట్టు లేని మనిషి..."

"ఊకో అత్తమ్మా! అది ఆమె కడుపుల పుట్టినప్పుడు ఏ శకునం జూసుకొని పుట్టింది?" అని ఆమె నోరు మూయించి నా వైపు తిరిగింది. "నువ్వే పోవాలె వదినె. నేను పోతే ఏం జేస్త? కాళ్ల కాడ కూసొని ఏడుస్త. నా మాట అది ముద్దుగ ఇంటది. నీ మాట బుగులు వడి ఇంటది. గిప్పుడు దానికి బుగులే గావాలె. నోరు దెరువమంటే తెరువాలె, మందు మింగుమంటే మింగాలె. అట్ల కసిరేటోళ్లు ఈ రెండిండ్లల్ల నువ్వొక్కదానివే."

"మరి నువ్వు?"

"సాయంత్రం రైలుకు చిన్నోన్ని ఎంబడి తీస్కొని వస్త. ఈ ఒక్కసారి ఆడపెళ్లివాళ్లు ముందట నడువుండ్రి" అంది.

జన్మలో ఎవరి ముందూ కంట తడి పెట్టని దాన్ని. అప్పుడూ పెట్టలేదు. పెడితే ఆమె ఏడుస్తుంది, ఆమె ఏడిస్తే ప్రయాణం ఆలస్యమవుతుంది. లేచి చెప్పులు వేసుకున్నాను.

నేను హైదరాబాదుకు బయలుదేరే వేళకు ఆమె రెండు మూటలు కట్టింది. ఒకటి తన రైలుకు, ఒకటి నా విమానానికి. మర్నాడు పొద్దున హైదరాబాదు ఏరోడ్రోములో ఆ రెండో మూట బయటపడింది. అక్కడ మనుషులను కూడా తూకం వేసేవారు. బెల్లం బుట్టను ఎక్కించినట్టు నన్ను మూటతో సహా కాటా మీద నిలబెట్టారు. అక్కడి గుమాస్తా ముల్లు చూసి కనుబొమలు ఎగరేశాడు.

"అమ్మా, మీరు బరువు తక్కువే. ఈ మూటల ఏమున్నది?"

విప్పితే పెరుగన్నం గిన్నె, పులిహోర గిన్నె, జొన్నరొట్టెల దొంతర, సకినాలు, వెల్లుల్లి కారం. అయిదు పూటలకూ లోటు లేదు. ఢిల్లీ అంటే ఆమె చేతులు అయిదు పూటలకే కట్టాయి. ఏ బండిలో పోయినా ఢిల్లీ ఢిల్లీయే కదా ఆమెకు.

"గాలిమోటరు మధ్యాహ్నానికే దింపుతది గదమ్మా! ఇదంత ఎవరికి?" అని ఆ గుమాస్తా నవ్వాడు. నన్ను సాగనంపడానికి వచ్చిన వియ్యంకుడు సిగ్గుపడి మూట తీసుకోబోయాడు. ఒక్క కారం పొట్లం మాత్రం నేను కొంగున ముడేసుకున్నాను. మిగిలినదంతా అక్కడి కూలీలు కూర్చొని తిన్నారని తర్వాత ఆయన చెప్పాడు. బాగుందన్నారట.

విమానం గురించి పాఠకులు ఎక్కువ తెలుసుకోవాలనుకుంటారేమో. నాకు చెప్పడానికి ఎక్కువ లేదు. చెవులు దిబ్బడ వేశాయి. చలి. నాగపురంలో దిగినప్పుడు టీ ఇచ్చారు, తాగలేదు. కిటికీలోంచి చూస్తే కింద రైలు దారి నల్లదారంలా కనపడి, పోయి, మళ్లీ కనపడుతోంది. ఎక్కడో ఆ దారం మీదనే ఆమె బండి కూడా పోతోందనుకున్నాను. నాకు ఇంకో పూటలో సంగతి తెలిసిపోతుంది. బిడ్డ ఉంటే ఉన్నదని, పోతే పోయిందని. ఆమెకు రేపు పొద్దుటి దాకా తెలియదు. నాకిచ్చిన రాత్రిని ఆమె తన లెక్కలో కలుపుకుంది. దూరం అంటే తెలియకుండా గడపవలసిన కాలమని నాకు అక్కడ, ఆ కిటికీ దగ్గర తట్టింది. మా నాన్నగారి పటంలో ఆ సంగతి లేదు.

నేను చేరేసరికి అల్లుడు గడ్డం పెరిగి, పెద్దపిల్లను పక్కింట్లో అప్పగించి, పసిపిల్లను చేతుల్లో పెట్టుకొని వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపల నా బిడ్డ పెదవులు పొరలు కట్టి, కళ్లు సగం మూసి ఏదో గొణుగుతోంది. లేడీ డాక్టరు కొత్తగా వచ్చిన పెన్సిలిన్ సూదులు వేస్తోంది. "సూది పని సూది చేస్తుంది. కాని నీళ్లు లోపలికి పోవడం లేదు. పళ్లు బిగిస్తోంది. ఈ రాత్రంతా కొంచెం కొంచెంగా తాగించగలిగితే ఆశ ఉంది" అని అల్లుడికి హిందుస్తానీలో చెప్పింది. అతను నాకు చెప్పాడు. అతను రెండు రోజులుగా బతిమాలుతున్నాడట. అమ్మా, తల్లీ, ఒక్క చుక్క అని.

నేను ముఖం కడుక్కొని వచ్చి మంచం పక్కన కూర్చొని చెంచా పట్టుకున్నాను. నా బిడ్డకు ఆరేళ్లప్పుడు ఆముదం తాపేటప్పుడు ఏ గొంతుతో పిలిచానో ఆ గొంతుతోనే పిలిచాను.

"నోరు తెరువ్."

కళ్లు తెరవలేదు. నోరు తెరిచింది.

"మింగు. కక్కితే సంగతి చెప్త."

మింగింది. పక్కన నిలబడ్డ అల్లుడు గోడకు తిరిగి ఏడ్చాడు. నేను ఆ రాత్రి చెంచా కింద పెట్టలేదు. ఇంతకన్న చెప్పను. తెల్లవారుతుండగా ఒళ్లంతా చెమట పట్టి, జ్వరం దిగి, నన్ను తేరిపార చూసి, "అమ్మా, నువ్వెప్పుడొచ్చినవే? తిడతానవేంది?" అంది.

ఆ తర్వాత ఈ కథ మా ఊళ్లో తిరిగింది. పెద్దమనిషివమ్మా, నీ జాగా వియ్యపురాలికి ఇచ్చావు అని ఎవరైనా అంటే ఆమెకు మంట. "ఏం పెద్దమనిషి! నాకు గాలిమోటరంటే బుగులు. కింద వడ్తదేమో అని ఆమెను తోలిన. పిల్లలు గల్లదాన్ని, బతుకాలె గద" అనేది. అందరూ నవ్వేవారు, నమ్మేవారు కూడా. అది అబద్ధం. మరుసటేడు మనవరాలిని చూడడానికి ఇద్దరం కలిసి విమానం ఎక్కినప్పుడు మెట్ల మీద నన్ను పక్కకు తోసి, "జరుగు, మగపెళ్లివాళ్లు వస్తాన్నరు" అని ముందెక్కి కిటికీ పక్క జాగా పట్టింది. నాగపురం దాకా నుదురు అద్దానికి ఆనించే ఉంది. "ఓ వదినె, మబ్బులు కింద ఉన్నయే! దూది ఏకి పోసినట్టున్నయ్" అని చిన్నపిల్లలా నా మోచెయ్యి గుంజుతూనే ఉంది. బుగులు పడే మనిషి అలా ఉండదు.

ఆమెకు కృతజ్ఞత చెప్పబోయిన ప్రతిసారీ మాట మార్చేది. ఉప్పు సంగతి ఎత్తేది. కనుక చెప్పవలసింది నా దగ్గరే ఉండిపోయింది. పోయిన నెల కూడా, మంచంలో ఉండి, నా చేతి జావ రెండు గుక్కలు తాగి, "ఇప్పుడు ఉప్పు సరిపోయింది" అంది. పదిహేనేళ్లు పట్టింది ఆమె నా వంట ఒప్పుకోవడానికి.

నా బిడ్డ జ్వరం దిగిన ఆ పొద్దుటి సంగతి చెప్పి ముగిస్తాను.

రైలు వేళ కాగానే అల్లుడు, అమ్మను తీసుకురావడానికి స్టేషనుకు పోతానన్నాడు. వద్దన్నాను. నువ్వు మంచం దగ్గర ఉండు, ఈ కబురు నేనే చెప్పాలి అన్నాను. క్వార్టర్సులో పని చేసే ఒకాయన్ని తోడిచ్చి టాంగా ఎక్కించాడు. ప్లాట్ఫారం మీద పొగమంచు. బండి ఇంకా ఆగలేదు. మూడో తరగతి పెట్టెలో, కిటికీ ఊచల మధ్య ఆమె ముఖం కనపడింది. బొగ్గు పొడితో నల్లబడింది. నన్ను చూసింది కాని పిలవలేదు. నా ముఖంలో ఏముందోనని కళ్లు చికిలించి వెతుకుతోంది. పొగమంచులో ఏం కనపడుతుంది?

నేను పరుగెత్తాను. పెద్దదాన్నయ్యాక పరుగెత్తడం నాకు గుర్తులేదు. కొంగు దోపుకొని, బండి పక్కన, జనాన్ని తోసుకుంటూ, "వదినె! బతికింది! మాట్లాడింది!" అని అరిచాను.

"ఉరుకకే, పడ్తవ్!" అని లోపలి నుంచి ఆమె అరిచింది.

బండి ఆగాక దిగి, నా ఎదురుగా నిలబడి, రెండు చేతులతో నా భుజాలు పట్టుకుంది.

"తాగిందా?"

"తాగింది."

"తిట్టినవా?"

"తిట్టిన."

"మంచిగ తిట్టినవా?"

"మస్తు తిట్టిన."

"శబాష్" అంది. అంటూనే అక్కడే ప్లాట్ఫారం మీద చతికిలబడింది. చిన్న కొడుకు, నేను చెరో పక్క పట్టుకొని టాంగా ఎక్కించాము.

ఇంటికి వచ్చాక చేతులూ కాళ్లూ కడుక్కొని లోపలికి వెళ్లింది. కోడలు నిద్రపోతోంది. పసిది కూడా. ముక్కు దగ్గర వేలు పెట్టి కోడలి ఊపిరి చూసుకుంది. మంచం పక్కన నేల మీద పరిచిన జంపఖానా మీద వాలి, మంచం కోడు చేత్తో పట్టుకొని, కళ్లు మూసింది. రెండు రాత్రులు ఆమె కూర్చొనే ఉందని చిన్న కొడుకు చెప్పాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. పగటి నిద్ర మా ఇంట్లో నేను ఎవరికీ ఒప్పను. ఆ రోజు తలుపు దగ్గరగా వేసి గడప మీద కూర్చున్నాను. అంతలో వీధిలో గాజులమ్మే మనిషి నెత్తిన బుట్ట పెట్టుకొని కేకవేస్తూ వచ్చాడు. నాకు అతని భాష రాదు. లేచి వీధిలోకి పోయి, పెదవుల మీద వేలు పెట్టుకొని, రెండు చేతులూ చెంప కింద పెట్టి, తలుపు వైపు చూపించాను. అతను నా వైపూ తలుపు వైపూ చూసి, కేక సగంలో మింగేశాడు. తర్వాత బుట్టను నెత్తి మీంచి దించి, గాజులు ఒకదానికొకటి తగలకుండా ఛాతీకి గట్టిగా అదుముకొని, చెప్పులు విడిచి చేత్తో పట్టుకొని, మా గుమ్మం దాటేదాకా మునివేళ్ల మీద నడిచి వెళ్లాడు.